తాళాల మేస్త్రి సొంత గొంతు

"ఇకపై ఈ దేశంలో ఏ దుకాణదారుడూ ఇంకొకరి నోటితో మాట్లాడనక్కర్లేదు!" అని చిరువ్యాపారాల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు.

ఆ మాట ఆయన గుండెల్లోంచి వచ్చింది. అందుకు సాక్ష్యం, ఉపన్యాసం కాగితాన్ని ఆయన గుండె మీది జేబులోంచే తీశారు. ఆ కాగితం రాసిన కార్యదర్శిగారు మొదటి వరుసలో కూర్చుని, పెదవులు కదుపుతూ మంత్రిగారి వెంటే నడిచారు. రెండు మూడు చోట్ల మంత్రిగారికంటే ముందు వెళ్లిపోయి, కామా దగ్గర ఆగి, ఆయన వచ్చి కలుసుకునేదాకా ఓపిగ్గా ఎదురుచూశారు. ప్రభుత్వంలో ఇంత ఐకమత్యం ఈమధ్య ఎవరూ చూడలేదు.

పన్నెండో వరుసలో తాళాల మేస్త్రి, పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఉపన్యాసాల మీద మోజుతో వచ్చినవాడు కాదు. రానివాళ్ల పేర్లు రాసుకుంటామని నోటీసులో ఉంది, అందుకని వచ్చాడు.

"మీ పని గురించి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?" అని మంత్రిగారు గర్జించారు. "ఏదో కంపెనీకి అప్పగిస్తే వాళ్లేం చెబుతారు? అందరి గురించీ చెప్పిందే మీ గురించీ చెబుతారు. అద్దె మాటల్ని కస్టమరు నమ్మడు. మీ చేతులు చూసి నమ్ముతాడు, మీ ముఖం చూసి నమ్ముతాడు. కాబట్టి మీ సోషల్ మీడియా కంటెంట్ మీరే చేసుకోండి. మీ ఫోను, మీ చెయ్యి, మీ మాట!"

మేస్త్రికి ఈ మాటలు నిజంగానే నచ్చాయి. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదే అనుకున్నాడు. పైవాళ్లు చెప్పిన మాట నచ్చడం అతనికి అలవాటు లేని పని కావడంతో కొంచెం కంగారు కూడా పడ్డాడు.

ఆ కంగారు వృథా పోలేదు. మంత్రిగారు కాగితం రెండో వైపు తిప్పారు. పథకం పేరు 'సొంత గొంతు'. ప్రతి దుకాణదారుడూ వారానికొక నిమిషం వీడియో చొప్పున నెలకు నాలుగు పెట్టాలి. నాలుగూ కలిపి పదివేల మంది చూడాలి. చూడకపోతే లైసెన్సు రెన్యువల్ కాదు, దుకాణానికి సీలు పడుతుంది. వ్యాపారులు సినిమా వాళ్ల స్థాయిలో వీడియోలు తీసుకోవడానికి 'సొంత గొంతు భవనం' కూడా సిద్ధమైంది. అందులో పన్నెండు రికార్డింగు గదులున్నాయి. కెమెరాలు, లైట్లు పోయిన నెలలోనే బిగించేశారు. ఈ నెలాఖరున ప్రారంభోత్సవం.

చప్పట్లు మోగాయి. మేస్త్రి చేతులు మాత్రం పెట్టె మీదే ఉండిపోయాయి. అతని లైసెన్సు గడువు కూడా సరిగ్గా ఈ నెలాఖరే.

ఇరవై ఆరేళ్లుగా అతను మార్కెట్ కాంప్లెక్సులో మెట్ల కింది దుకాణంలో బతుకుతున్నాడు. నిటారుగా నిలబడితే నెత్తి తగులుతుంది కాబట్టి నిలబడడం ఎప్పుడో మానేశాడు. ఆ దుకాణం పోతే అతనికి ఇంకో నీడ లేదు. అన్నిటికంటే పెద్ద విచిత్రం, సీలు వేయడానికి శాఖవాళ్లు వాడే తాళాలు కూడా అతని దగ్గర కొన్నవే. అంటే తన దుకాణానికి పడబోయేది తన తాళమే. దాన్ని తీయడం అతనికి అరనిమిషం పని. కానీ తీస్తే నేరం.

"అయితే ఏం చేస్తారు?" అని అడిగింది భార్య. తాళంచెవులు కోసే యంత్రం దగ్గర కూర్చునేది ఆవిడే. దుకాణంలో సగం వ్యాపారం ఆవిడది, మాటల్లో ముప్పాతిక వంతు ఆవిడది.

"వీడియో చేస్తాను."

"దేని మీద?"

"తాళాల మీద. నాకు వేరే ఏం తెలుసు?"

"తాళం తీసేటప్పుడు మీరు గుడ్డ కప్పుతారుగా. గుడ్డ మీద చేస్తారా?"

ఆవిడ అన్నది నిజం. మేస్త్రి పనితనంలో రెండు నియమాలున్నాయి. రెండూ పని నేర్పిన మేనమామ పెట్టినవే. ఒకటి, తాళం తీసేటప్పుడు చేతుల మీద నల్లగుడ్డ కప్పుకోవాలి, ఆ విద్య పదిమంది కంట పడకూడదు. రెండోది ఇంకా గట్టిది. తాళం ఊడగానే తలుపు లాగి, వెంటనే వెనక్కి తిరిగి, యజమాని ముఖం చూస్తూ "మీదే, చూసుకోండి" అనాలి. లోపల ఏముందో చూడకూడదు. ఈ ఊళ్లో సగం ఇళ్లు, బీరువాలు, గోదాములు అతని చేతిమీదుగా తెరుచుకున్నాయి. ఒక్కదాని లోపల ఏముందో అతనికి తెలియదు. అర్ధరాత్రయినా అపరాత్రయినా జనం అతన్నే పిలిచేది అందుకే.

"ఇన్నేళ్లలో ఇంతమంది తలుపులు తీశాడు, ఒక్క గది చూడలేదు మా ఆయన" అని ఆవిడ కస్టమర్ల దగ్గర చెబుతూ ఉంటుంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఎవరికీ తేలదు.

మర్నాడు కంటెంట్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పోయిన వారందాకా ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్. పదవి మారినా చేతిసంచీ మారలేదు, అందులో ఇత్తడి గుండ్లు ఇప్పటికీ గలగలలాడుతూనే ఉన్నాయి. పథకం మీద ఆయనకున్న భక్తి చూసినవాళ్లు ముచ్చటపడాల్సిందే. నాలుగో నిబంధన మూడుసార్లు చదివి వినిపించాడు: "వీడియో చివరి పది సెకన్లూ ఫోను యజమాని చేతిలోనే ఉండాలి. యజమాని ముఖం కనపడాలి. ముఖం వెనక అతను పనిచేసే చోటు కనపడాలి. ఎందుకంటే దాపరికం ఉండకూడదు."

"రెన్యువల్ మీ చేతిలోనే ఉంటుందా సార్?" అని అడిగాడు మేస్త్రి.

"నా చేతిలో ఏముందయ్యా? అంతా కంప్యూటరే." ఇన్‌స్పెక్టర్ ఛాతీ ఉప్పొంగింది. "పదివేలు తాకిందా, రెన్యువల్ దానంతటదే వచ్చేస్తుంది. మంత్రిగారు వద్దన్నా ఆగదు. తాకలేదా, మంత్రిగారు ఇమ్మన్నా రాదు. అంత నిజాయితీ దానిది."

మొదటి వీడియో భార్య తీసింది. మేస్త్రి గుడ్డ కప్పుకుని తాళం మీదికి వంగాడు. యాభై సెకన్లపాటు అతని వీపు కనిపించింది. తరువాత ఫోను చేతికి తీసుకున్నాడు. పని అద్దాలు నుదుటి మీదికి నెట్టేశాడు. అవి లేకపోతే అరచేతిలో ఉన్నది కూడా అతనికి మసకే. ఎటు చూడాలో తెలియక పైకప్పు వైపు చూస్తూ, "ఇదండీ మా పని" అన్నాడు.

ముగ్గురు చూశారు. భార్య, ఇన్‌స్పెక్టర్, పక్క దుకాణంలో శవపేటికలు చేసే ముసలి వడ్రంగి. అందరూ ఆయన్ని పెట్టెల పెద్దాయన అంటారు.

"యాభై ఎనిమిది సెకన్లు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ బాధగా. "రెండు సెకన్లు తూకం తక్కువ. పైగా విషయం కంటే వీపు ఎక్కువ. పని చూపించాలయ్యా!"

"చూపిస్తే అందరికీ వచ్చేస్తుంది కదండీ."

"అందరికీ రావాలనేగా పథకం!"

మేస్త్రి రెండు రోజులు ఆలోచించాడు. తీసే విద్య చూపించకూడదు. కానీ చెడ్డ తాళాల గురించి జనాన్ని హెచ్చరించవచ్చు కదా, అందులో తప్పేముంది? 'మీ తలుపుకున్న తాళం ఎందుకు పనికిరాదు' అని రెండో వీడియో చేశాడు. ఈసారి పైకప్పు వైపు చూడలేదు. ఊళ్లో అందరూ వాడే ఒక చవకరకం తాళం చేత్తో పట్టుకుని, లోపల రెండు ముక్కలు ఉండాల్సిన చోట కంపెనీవాళ్లు ఒకటే ఎలా పెట్టారో చెప్పాడు. చెబుతూ చెబుతూ అతనికి ఉత్సాహం వచ్చింది, ఆ ఉత్సాహంలో కోపం వచ్చింది. మంత్రిగారు చెప్పినట్టే అయింది. జనం అతని చేతులు చూశారు, ముఖం చూశారు, నమ్మారు. సాయంత్రానికి నాలుగువేల మంది చూశారు. యంత్రం దగ్గర భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది.

"మేస్త్రీ, ఆ వీడియో తీసెయ్."

"ఏమైందండీ? దొంగలెవరైనా చూశారా?"

"దొంగలు చూస్తే చూశారు, వాళ్లకిది కొత్త కాదు. మా లాకప్‌కున్న తాళం కూడా అదే. లోపలున్నవాళ్లు చూస్తున్నారు."

మేస్త్రి వీడియో తీసేశాడు. తీసిన పావుగంటకు ఇన్‌స్పెక్టర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. సొంత గొంతును నొక్కేయడం పథకం ప్రకారం నేరమట. అయితే మరి పోలీసుల మాట? అది వేరే శాఖ. నాలుగువేలు రద్దయ్యాయి. లెక్క మళ్లీ మూడు దగ్గరికి వచ్చింది.

"మీ అందరితో ఇదే తలనొప్పి" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెట్ల కింద తల వంచుకుని కూర్చుంటూ. "ఒకడు పని చూపిస్తాడు, ఒకడు నిజం చెబుతాడు. క్షౌరశాలవాడు జుట్టు రాలడం గురించి మాట్లాడి మంత్రిగారి మనసు నొప్పించాడు. అందుకని శాఖే దయతలచి మీ అందరికీ సొంత మాటలు రాయించింది. ఇదిగో."

అచ్చు కాగితం. పైన చిన్న అక్షరాల్లో ఏదో ప్రకటనల కంపెనీ పేరుంది. దాని మీద శాఖ ముద్ర పడింది కానీ సరిగ్గా కప్పలేదు. కింద మాటలు: "ఇది నా సొంత మాట. ఎవరూ రాసివ్వలేదు. మంత్రిగారి చలవవల్ల నేనీవేళ నా గొంతుతో మాట్లాడుతున్నాను. మా దగ్గరికి ఒక్కసారి వచ్చిన కస్టమర్లు మళ్లీ మళ్లీ వస్తారు. లోపల ఉన్నది ఉన్నట్టు, దాపరికం లేకుండా మీ ముందు ఉంచుతున్నాం."

"సార్, తాళం బాగుచేయించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారంటే నా పని బాగా లేదన్నట్టు కదా?"

"కాగితంలో ఉన్నది చదవవయ్యా. సొంత తెలివి కలపకు."

మూడో వారంలో కాంప్లెక్సులోని దుకాణాలన్నీ అవే మాటలు అప్పజెప్పాయి. పెట్టెల పెద్దాయన కొత్త శవపేటిక పక్కన నిలబడి, ఒక్కసారి వచ్చిన కస్టమర్లు మళ్లీ మళ్లీ వస్తారని దేశానికి హామీ ఇచ్చాడు. ఆ వీడియోలన్నీ ఒకేసారి వేయించుకుని చూసిన మంత్రిగారి కళ్లు చెమర్చాయట. "ఇంతమంది సొంతంగా ఆలోచించి కూడా ఒక్క ముక్క తేడా రాలేదు చూశారా! ఇదీ క్రమశిక్షణ!" అన్నారట.

మేస్త్రి మూడో వీడియోను పదకొండుమంది చూశారు. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆ ఎనిమిది రోజులూ అతనికి అన్నం సహించలేదు. ఎదురుగా సొంత గొంతు భవనం ముస్తాబవుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ముందువైపు గోడ అద్దంలా మెరుస్తోంది. దానికి అటూ ఇటూ ఎత్తైన రేకులు, రేకుల మీద నిలువెత్తు మంత్రిగారు. వీధిలో ఎటునుంచి చూసినా ఆయనే చెయ్యి ఊపుతున్నారు.

"మీరు ఎవరినైనా పట్టుకుని అడగొచ్చు కదా" అంది భార్య. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఎవర్ని అడగను? కంప్యూటర్‌నా?"

ఆవిడ యంత్రం ఆపేసి కాసేపు అతని పక్కన కూర్చుంది. ఇద్దరికీ చాలా భయంగా ఉంది.

నెలాఖరు రానే వచ్చింది. ఎదురుగా పందిరి, మైకులు, రెండు వరుసల కుర్చీలు వెలిశాయి. ప్రారంభోత్సవాన్ని శాఖ ఉద్యోగులందరూ తమ తమ ఆఫీసుల్లో కూర్చుని లైవ్‌లో చూడాలని ముందు రోజే ఉత్తర్వు వచ్చింది. నలభై వేల మంది ఉద్యోగులు. చూడనివాళ్ల పేర్లు రాసుకుంటారు.

పదకొండు కావస్తుండగా ఇన్‌స్పెక్టర్ సంచీ గలగలలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ, పెట్టె తీసుకుని రా! భవనం తాళంచెవి కనిపించడం లేదు!"

"ఎవరి దగ్గరుందండీ?"

"కాంట్రాక్టరు దగ్గర. ఆయన గాలి మార్పు కోసం విదేశం వెళ్లారు."

ఆ కాంట్రాక్టరు కార్యదర్శిగారి తోడల్లుడు. పట్టుదలతో పైకి వచ్చిన మనిషి. ఈ భవనం ఆయన చేతికి రావడంలో బంధుత్వానికి ఏమాత్రం సంబంధం లేదని కార్యదర్శిగారే స్వయంగా విచారణ జరిపి తేల్చారు.

మేస్త్రి వెళ్లేసరికి పందిట్లో వాదన నడుస్తోంది. "రిబ్బను కత్తిరించేద్దాం సార్, లోపలికి ఇంకోసారి వెళ్దాం" అని బతిమాలుతున్నారు కార్యదర్శిగారు. మంత్రిగారు వినిపించుకోవడం లేదు. మేస్త్రిని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏం అదృష్టమయ్యా! ఎదురుగానే తాళాల మేస్త్రి! ఒక చిరువ్యాపారి, తన ఫోనుతో, తన చేత్తో, మన భవనం తలుపు తెరుస్తాడు. ఇంతకంటే సొంత కంటెంట్ ఏముంటుంది? మన కెమెరాలు ఆపేయండి! శాఖ పేజీలో ఇతని ఫోను లైవే వెళ్లాలి!"

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి చెవిలో, "నలభై వేలయ్యా! నీ రెన్యువల్ నాలుగుసార్లు అవుతుంది!" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచివాడే.

మేస్త్రి తలుపు దగ్గరికి నడిచాడు. కార్యదర్శిగారు కూడా వెంటే వచ్చి, మైకులకు అందనంత దూరంలో అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"మేస్త్రిగారూ" అన్నారు. ఇరవై ఆరేళ్లలో ప్రభుత్వం అతన్ని 'గారూ' అనడం ఇదే మొదలు. "ఈ తాళం రాదని చెప్పేయండి. కొన్ని తాళాలు రావు కదా, పాపం."

"ఇది నేనే అమ్మానండీ."

"అయినా సరే. రాలేదని ఒక్క మాట చెప్పండి. కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటాను. పదివేలు కాదు, లక్షమంది చూశారని రాయిస్తాను. సాయంత్రానికి రెన్యువల్ కాగితం మీ చేతిలో ఉంటుంది."

"వస్తే?"

కార్యదర్శిగారు అతని మోచెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. తన లైసెన్సు గడువే ఈవేళ తీరిపోతున్నట్టుంది ఆయన ముఖం.

మేస్త్రి తాళం వైపు చూశాడు. పని అద్దాలు కళ్ల మీదికి దించుకుని మరింత దగ్గరగా చూశాడు. అది తను రెండో వీడియోలో తిట్టిపోసిన చవకరకం తాళమే. ఎనిమిది నెలల క్రితం కాంట్రాక్టరు వచ్చి కొన్నాడు. తాళం అమ్మేముందు మేస్త్రి ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతాడు, లోపలి సరుకు ఎంత విలువైందని. దాన్నిబట్టి తాళం ఇస్తాడు. ఆ రోజు కాంట్రాక్టరు నవ్వి, "ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది ఇవ్వు" అన్నాడు.

ఇప్పుడా తాళం రంధ్రంలో తుప్పు పేరుకుంది. వర్షాకాలమంతా తడిసిన తుప్పు. దాని మీద సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుని కాపురం కూడా మొదలుపెట్టింది. అమ్మిన రోజు వేసిన తాళం, మళ్లీ తీసిన జాడ లేదు. మరి పోయిన నెల కెమెరాలు ఎటునుంచి లోపలికి వెళ్లాయన్న ప్రశ్న మేస్త్రి బుర్రలోకి రాబోయింది. లోపలి సంగతి తన పని కాదు కాబట్టి దాన్ని గుమ్మం దగ్గరే ఆపేశాడు.

భార్య ఫోనును నిలబెట్టే కర్రకు బిగిస్తూ, "ఏమంటున్నాడాయన?" అని అడిగింది.

"తాళం రాలేదని చెప్పమంటున్నాడు."

"మిమ్మల్నా?"

అతను తల ఊపాడు.

"నలభై వేల మంది ముందు ఈ చిన్న తాళం నాకు రాలేదన్నాక, రెన్యువల్ అయిన దుకాణంలో కూర్చుని ఏం చేస్తారు? ఈగలు తోలుకుంటారా?" అంది ఆవిడ.

మేస్త్రికి దుకాణం కావాలి. కానీ దుకాణమంటే మెట్ల కింది ఆ గూడు ఒక్కటే కాదు. అతని చేతికి రాని తాళం లేదని ఊరు నమ్మడం కూడా దుకాణమే. ఆ నమ్మకం పోతే లైసెన్సు గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అతను కార్యదర్శిగారి చేతిని మర్యాదగా మోచేతి మీదనుంచి తీసి, జేబులోంచి నల్లగుడ్డ బయటికి లాగాడు.

లైవ్ మొదలైంది. మంత్రిగారు కత్తెర పట్టుకుని నవ్వు బిగించి నిలబడ్డారు. మేస్త్రి గుడ్డ కప్పుకుని వంగాడు. సాలీడును కర్రపుల్లతో పక్కకు జరిపాడు. తుప్పులో రెండు చుక్కలు నూనె వేశాడు. యాభై సెకన్లు నలభై వేల మంది ప్రభుత్వోద్యోగులు ఒక మేస్త్రి వీపును దీక్షగా చూశారు. టక్కుమని తాళం ఊడింది.

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు మోగాయి. మేస్త్రి రెండు చేతులతో తలుపు బార్లా లాగి, లాగిన మరుక్షణం అలవాటు ప్రకారం వెనక్కి తిరిగాడు. అద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. నాలుగో నిబంధన గుర్తుంది. కర్ర మీది ఫోను ఊడదీసి, ముఖం కనపడేలా, ముఖం వెనక పనిచేసిన చోటు కనపడేలా చెయ్యి చాచి ఎత్తి పట్టుకున్నాడు. తెర మీద అతనికి కనిపించింది ఒక వెలుతురు మసక మాత్రమే. బట్టీపట్టిన మాటలు తడబడకుండా అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది నా సొంత మాట. ఎవరూ రాసివ్వలేదు. మంత్రిగారి చలవవల్ల నేనీవేళ నా గొంతుతో మాట్లాడుతున్నాను."

చప్పట్లు ఆగిపోయాయి. అంత హఠాత్తుగా ఎందుకు ఆగాయో అతనికి అర్థం కాలేదు. వీపుకు చల్లటి గాలి తగిలింది. కొత్త భవనం కదా, ఏసీ ముందే వేసి ఉంచారనుకున్నాడు. గాలితోపాటు ఉతికిన బట్టల వాసన వచ్చింది. ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. గౌరవం కాబోలు.

"మా దగ్గరికి ఒక్కసారి వచ్చిన కస్టమర్లు మళ్లీ మళ్లీ వస్తారు. లోపల ఉన్నది ఉన్నట్టు, దాపరికం లేకుండా మీ ముందు ఉంచుతున్నాం."

వెనకనుంచి, అల్లంత దూరాన ఎక్కడో, బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. ఒక ఆడమనిషి గొంతు గట్టిగా వినిపించింది.

"ఎవరండీ? ఎవరు కావాలి?"

కార్యదర్శిగారు కుర్చీలో కూలబడ్డారు. మంత్రిగారు కత్తెర అలాగే తెరిచి పట్టుకుని, తలుపులోంచి కళ్లార్పకుండా చూస్తున్నారు. మేస్త్రి ఫోను దించాడు. ఎవరు పిలిచినా, ఏం వినిపించినా అతను వెనక్కి తిరగడు. మేనమామ నేర్పినట్టే యజమాని ముఖంలోకి సూటిగా చూసి, వినయంగా పక్కకు తప్పుకున్నాడు.

"మీదే సార్. చూసుకోండి."

దుకాణానికి తిరిగొచ్చాక పెట్టెల పెద్దాయన అతని భుజం తట్టాడు. "తమ్ముడూ, తలుపు బ్రహ్మాండంగా తీశావు. గోడలెక్కడ పెట్టావు?"

"ఏం గోడలు?"

అప్పుడు భార్య చెప్పింది. ముందు గోడ ఒక్కటే ఉంది. తలుపు వెనక మోకాలెత్తు గడ్డి. గడ్డి దాటాక వెనక వీధివాళ్ల పెరడు. ఆ పెరట్లో ఒకావిడ దుప్పట్లు ఆరేసుకుంటోంది.

"పన్నెండు గదులన్నారుగా?"

"దుప్పట్లే ఆరున్నాయి" అంది ఆవిడ. "ఊరంతా చూసింది. మీరు తప్ప."

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు మంత్రిగారు ఇంకో ప్రకటన చేశారు. "ఇకపై ఈ దేశంలో ఏ దుకాణదారుడూ తన గురించి తానే మాట్లాడుకునే శ్రమ పడనక్కర్లేదు!" ఈ మాట కూడా ఆయన గుండెల్లోంచే వచ్చింది. మొదటి వరుసలో కొత్త కార్యదర్శిగారు పెదవులు కదుపుతూ కూర్చున్నారు.

ఆ ప్రకటన టీవీలో వస్తుండగానే ఇన్‌స్పెక్టర్ మెట్ల కింద తల వంచి లోపలికి వచ్చాడు. రెన్యువల్ కాగితం మేస్త్రి చేతిలో పెట్టాడు. ఆపాలని పైనుంచి రాత్రంతా ఫోన్లు చేశారట. కానీ కంప్యూటర్ అప్పటికే ఇచ్చేసింది. చూసినవాళ్లు తొమ్మిది లక్షలు. దాని నిజాయితీ అలాంటిది.

భార్య కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పమిటకొంగులో ముడేసుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి మేస్త్రి పెట్టె సర్దుతున్నట్టు నటించాడు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం కదల్లేదు.

"ఇంకేమైనా కావాలా సార్?"

"ఒక తాళం కావాలయ్యా. భవనానికి. శాఖ ఆర్డరు."

మేస్త్రి అలవాటు ప్రకారం అడిగాడు. "లోపలి సరుకు ఎంత విలువైందండీ?"

ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్న మెరిసే గోడ వైపు చూశాడు. సంచీలోని ఇత్తడి గుండ్లు చేత్తో ఒకసారి తడుముకున్నాడు.

"నీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇవ్వు" అన్నాడు.